గ్రాన్ పారడైజో పార్కు: శిఖరం ఎక్కాలా, కనుమలు దాటాలా? తొలిసారి వెళ్తున్నాం, సలహా చెప్పండి

చిన్నకొండ | జూన్ 18
అందరికీ నమస్తే. ఇటలీలోని టొరినోలో మాస్టర్స్ చేస్తున్నాను. జూలై మూడోవారంలో పరీక్షలు అయిపోతాయి. మేం ముగ్గురం కలిసి గ్రాన్ పారడైజో నేషనల్ పార్కుకి వెళ్దామనుకుంటున్నాం. చేతిలో మూడు రోజులు ఉన్నాయి. మాలో ఒకడు గ్రాన్ పారడైజో శిఖరమే ఎక్కుదాం, 4,061 మీటర్లు, ఆల్ప్స్‌లో నాలుగు వేలు దాటిన వాటిలో సులువైనది అదే అని పట్టుబడుతున్నాడు. ఇంకొకమ్మాయి ఏదైనా కనుమ దాటుదాం చాలు అంటోంది. ముగ్గురిలో ఎవరికీ మంచు మీద నడిచిన అలవాటు లేదు. ఇద్దరం శాకాహారులం. బడ్జెట్ స్టూడెంట్ బడ్జెట్టే. వెళ్ళొచ్చినవాళ్ళు ఉంటే కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్.

గాజువాక_కుర్రాడు | జూన్ 18
శిఖరానికే వెళ్ళండి. నేను ఇండియాలో ఉన్నప్పుడు కేదార్‌కంఠ, హంప్తా పాస్ అనే హిమాలయ ట్రెక్కులు రెండూ చేశాను. హంప్తా 4,200 దాటుతుంది. దాని ముందు ఇదెంత? వయసులో ఉన్నప్పుడే ఎక్కాలి. కనుమ ఎప్పుడైనా చేసుకోవచ్చు.

లోసన్‌దారి | జూన్ 18
గాజువాక తమ్ముడూ, ఒక్క నిమిషం. మీటర్లు పక్కపక్కన పెట్టి చూస్తే ఈ పార్కు అర్థం కాదు.

హిమాచల్‌లో 3,500 మీటర్ల దగ్గర కూడా చెట్లుంటాయి. ఇక్కడ మనం 45 డిగ్రీల అక్షాంశం దాటి ఉన్నాం. సుమారు 2,200 దగ్గరే అడవి ఆగిపోతుంది. మూడు వేలు దాటాక చాలాచోట్ల గ్లేసియరే, అంటే ఏళ్ళ తరబడి గడ్డకట్టిన మంచు మేట. గ్రాన్ పారడైజో మామూలు దారి కూడా గ్లేసియర్ మీదుగానే పోతుంది. అందులో పగుళ్ళు ఉంటాయి, వాటి మీద మంచు కప్పేసి ఉంటుంది, పైకి ఏమీ కనపడదు. అందుకే ఒకరికొకరు తాడు కట్టుకుని నడుస్తారు. బూట్లకి క్రాంపాన్లు (ఇనుప ముళ్ళు), చేతిలో ఐస్ యాక్స్ (మంచు గొడ్డలి), నడుముకి హార్నెస్ (తాడు కట్టే పట్టీ). ఎవరైనా పగుల్లో పడితే మిగతావాళ్ళు ఆపగలగాలి, బయటికి లాగడం తెలిసి ఉండాలి. ఆల్పినిస్టులు ‘సులువైనది’ అంటే ఇవన్నీ వచ్చినవాళ్ళకి సులువని. ఆ మాట ట్రెక్కింగ్ చేసేవాళ్ళ కోసం అన్నది కాదు.

శిఖరం మీద మడోన్నా (మేరీ మాత) విగ్రహం దగ్గర ఇంకో సంగతి ఉంది. చివర ఇరుకైన రాతి అంచు, పక్కనే లోయ. అక్కడ ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ చాలామంది ఉంటారు. వేసవి వారాంతాల్లో అక్కడ క్యూ కడతారు. క్రాంపాన్లతో రాయి మీద నిలబడి, చలిలో, ముందువాళ్ళు కదిలేదాకా ఆగాలి. అలవాటు లేనివాళ్ళకి అది మంచి చోటు కాదు.

గైడ్‌తో వెళ్తే తప్పకుండా చేయొచ్చు. సాధారణంగా రెండు రోజుల పని: మొదటి రోజు పోంత్ అనే చోటు నుంచి విత్తోరియో ఎమానువేలే రిఫూజియో (కొండ మీద రాత్రి బస చేసే విడిది, 2,735 మీ.) చేరి పడుకుని, తెల్లవారకముందే బయల్దేరతారు. గైడ్ లేకుండా మీ ముగ్గురే అంటే మాత్రం వద్దనే చెప్తాను. ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు.

మూడు రోజులుంటే నేను చెప్పేది లోసన్ కనుమ. రాత్రికి వివరంగా రాస్తాను.

గాజువాక_కుర్రాడు | జూన్ 18
తాడు, పగుళ్ళ సంగతి నాకు నిజంగా తెలీదన్నా. గైడ్ ఖర్చు ముగ్గురు పంచుకుంటే సరిపోదా?

మ్యూనిక్_మాధవి | జూన్ 18
పంచుకోవచ్చు. కానీ డబ్బుతో తీరని ఇబ్బంది ఒకటుంది, ఎత్తుకి ఒళ్ళు అలవాటు పడటం. టొరినో 240 మీటర్లు. అక్కణ్ణించి ఒక్కరోజులో 2,735కి వెళ్ళి పడుకుని, మర్నాడు పొద్దున్నే నాలుగు వేలంటే చాలామందికి తలనొప్పి, వాంతులు వస్తాయి. గైడ్ వెనక్కి తిప్పేస్తే కట్టిన డబ్బు తిరిగి రాదు. ముందు ఈ కనుమలు నడవండి. మూడు వేల మీద మీ ఒళ్ళు ఎలా ఉంటుందో తెలుస్తుంది. వచ్చే ఏడాది శిఖరం చూసుకోవచ్చు.

ఇంకో మాట. ఇండియాలో ట్రెక్ అంటే టెంట్ వేసేవాళ్ళు, వంటవాళ్ళు, ముందు నడిచే గైడ్ ఉంటారు. ఇక్కడ బోర్డులు చూసుకుని మీరే నడవాలి. దారి తప్పినా, వాతావరణం మారినా వెనక్కి తిరగాలో లేదో మీరే తేల్చుకోవాలి. ఆల్ప్స్‌లో అసలు కష్టం అదే.

లోసన్‌దారి | జూన్ 18, రాత్రి
చిన్నకొండా, చెప్పినట్టే రాస్తున్నాను. కాస్త పెద్దదే అవుతుంది.

మొదటి రోజు: టొరినో నుంచి ఆవోస్తా, అక్కణ్ణించి బస్సులో కోన్యె (1,534 మీ.). ఊళ్ళోంచి వాల్నొంతే అనే చిన్న పల్లెకి వెళ్ళాలి. నడిచినా ఎక్కువ దూరం కాదు. వాల్నొంతేలో పారడీజియా అని ఆల్పైన్ మొక్కల తోట ఉంది, 1955లో పెట్టారు. తోట చూశాకే పైకి వెళ్ళండి. అక్కడ పేరు రాసిపెట్టిన పూలే దారిలో రాళ్ళ మధ్య కనపడుతుంటే నడక ఇంకోలా ఉంటుంది.

తోట పక్కనుంచి లార్చ్ చెట్ల అడవిలో మెలికలు తిరుగుతూ దారి పోతుంది. విత్తోరియో సెల్లా రిఫూజియో 2,588 మీటర్ల దగ్గర. అంటే తొమ్మిది వందల మీటర్లకి పైగా ఎక్కాలి. అలిపిరి నుంచి తిరుమలకి నడిచి ఉంటే, దానికంటే కాస్త ఎక్కువే అనుకోండి, పైగా మెట్లుండవు, భుజాన బ్యాగు ఉంటుంది. రెండున్నర మూడు గంటలు పడుతుంది.

దారి వాలు గమనించండి. ఎక్కడా ఊపిరి ఆడనంత నిటారుగా ఉండదు. కారణం ఉంది. 1856లో రాజు రెండో విత్తోరియో ఎమానువేలే ఈ ప్రాంతాన్ని తన వేటకోసం రక్షిత అడవిగా చేసుకున్నాడు. ఆయన గుర్రం మీద పైదాకా వెళ్ళడానికి వీలుగా ఈ దారులు వేయించారు. రాళ్ళు పేర్చి, మలుపు మలుపుకీ గోడ కట్టి, గుర్రం అలవకుండా వాలు సరిచూసి వేసిన దారులు. అలాంటివి పార్కులో వందల కిలోమీటర్లు ఉన్నాయి. సెల్లా రిఫూజియో ఉన్న చోటు కూడా ఆ రోజుల్లో రాజుగారి వేట విడిదే.

రెండో రోజు: పొద్దున్నే ఆరున్నరకల్లా బయల్దేరండి. రిఫూజియో నుంచి కనుమకి ఏడు వందల మీటర్ల ఎక్కుడు. మొదట గడ్డి, తర్వాత రాళ్ళు, చివర బూడిదరంగు జారుడు మట్టి. కొస భాగం నిటారుగా, ఇరుగ్గా ఉంటుంది. పట్టుకోవడానికి అక్కడక్కడా గొలుసులున్నాయి. కనుమ ఎత్తు 3,296 మీటర్లు. ఆల్తా వియా 2 అనే పొడవైన నడకదారిలో ఇదే అన్నిటికన్నా ఎత్తైన చోటు. తోర్ దె జేయాఁ అనే పరుగు పందెంలో పాల్గొనేవాళ్ళు కూడా దీన్ని దాటాల్సిందే.

పైకి చేరాక పడమర వైపు ఒక్కసారిగా వల్సావరాంష్ లోయ తెరుచుకుంటుంది. కనుమ అంటే నాకు అందుకే ఇష్టం. శిఖరం ఎక్కినవాళ్ళు ఎక్కిన దారినే దిగుతారు. కనుమ దాటితే ఇంకో లోయలోకి వెళ్తాం, అక్కడ నీళ్ళు వేరు, ఊళ్ళు వేరు, కొండల ముఖాలు వేరు. అవతలివైపు లెవియోనా పచ్చికల మీదుగా ‘ఓ రూస్’ అనే పల్లె దాకా దిగుడు, 1,600 మీటర్లకి పైగా. మోకాళ్ళకి కష్టం. ట్రెక్కింగ్ పోల్స్ తప్పనిసరి. దిగలేం అనిపిస్తే కనుమ చూసి సెల్లాకే తిరిగి రండి. అదేం తక్కువ కాదు.

మూడో రోజు రాత్రికి టొరినో చేరొచ్చు. బస్సులు తక్కువ కాబట్టి వెళ్ళేముందు ఆ రోజు టైమింగ్స్ చూసుకోండి.

పిట్టలగూడు | జూన్ 19
సెల్లాకి వెళ్తున్నారంటే సాయంత్రం అన్నం తిని లోపలే కూర్చోకండి. చీకటి పడేముందు బయటికి రండి. ఐబెక్స్‌లు (ఆల్ప్స్ కొండమేకలు) చాలాసార్లు రిఫూజియో దగ్గరికే వస్తాయి. మగవాటి కొమ్ములు మీటరు దాకా పెరుగుతాయి. ముందువైపు కనపడే బొడిపెలు లెక్కపెట్టి వయసు చెప్పేస్తుంటారు కొందరు, అది సరికాదు. వెనకవైపు, పక్కల సన్నని వలయాలుంటాయి. చలికాలంలో పెరుగుదల ఆగినప్పుడల్లా ఒక గీత పడుతుంది. బైనాక్యులర్ ఉంటే చక్కగా లెక్కపెట్టొచ్చు.

ఇప్పుడు ఆల్ప్స్ మొత్తం మీద యాభై వేలకి పైగా ఐబెక్స్‌లున్నాయి. వాటన్నిటి మూలం ఈ కొండలే. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో వేట వల్ల అన్నిచోట్లా అంతరించి, ఇక్కడ మాత్రం వంద దాకా మిగిలాయి. 1821లో వేట నిషేధించారు. తర్వాత రాజు తన వేటకోసం కాపలా పెట్టాడు. అంతకుముందు దొంగచాటుగా వేటాడిన స్థానికుల్లో కొందరినే కాపలాదార్లుగా పెట్టుకున్నారు. తర్వాత మూడో విత్తోరియో ఎమానువేలే ఆ భూముల్ని దేశానికి ఇచ్చేశాడు, 1922 డిసెంబరులో ఇటలీ మొదటి నేషనల్ పార్కు ఏర్పడింది.

అంతటితో కష్టాలు తీరలేదు. రెండో ప్రపంచయుద్ధం ముగిసేసరికి మళ్ళీ నాలుగు వందల దగ్గరికి పడిపోయాయి. రెంజో విదెసోత్ అనే పశువైద్యుడు పార్కు బాధ్యత తీసుకుని, గార్డుల వ్యవస్థ మళ్ళీ నిలబెట్టాడు. సాయంత్రం మీ ముందు మేసే ఐబెక్స్‌ని చూసేటప్పుడు ఆయన్నొకసారి తలుచుకోండి.

కృష్ణా_టు_పో | జూన్ 19
స్విట్జర్లాండ్‌లో చూసే ఐబెక్స్‌లు కూడా ఇక్కడివేనా?

పిట్టలగూడు | జూన్ 19
అవునండీ. స్విస్ వాళ్ళు అధికారికంగా అడిగితే ఇటలీ రాజు ఇవ్వలేదు. 1906లో ఐబెక్స్ పిల్లల్ని దొంగతనంగా సరిహద్దు దాటించి సాంక్ట్ గాలెన్‌లోని పార్కులో పెంచారు. 1911లో మొదటిసారి కొండల్లోకి వదిలారు. అంత కొద్ది జంతువుల నుంచే ఇన్ని వేలు పుట్టాయి కాబట్టి వాటిలో జన్యు వైవిధ్యం చాలా తక్కువ. కొత్త జబ్బు వస్తే తట్టుకోవడం కష్టం. పార్కులో వాటి సంఖ్య కూడా 1990ల మొదట్లో ఐదు వేల దాకా వెళ్ళి తర్వాత బాగా తగ్గింది. మంచు ముందే కరిగి గడ్డి ముందే ముదురుతోంది, పిల్లలు పుట్టేసరికి లేత మేత దొరకట్లేదు అన్నది పరిశోధకులు చెప్తున్న కారణాల్లో ఒకటి. అందుకే అడుగుతున్నాను, ఫొటో కోసం దగ్గరికి వెళ్ళి పరిగెత్తించకండి. పిల్లలతో ఉన్న ఆడవాటి దగ్గరికి అస్సలు వెళ్ళొద్దు.

ఆకాశం వైపూ చూస్తుండండి. గడ్డపు రాబందు కనపడొచ్చు. ఆల్ప్స్‌లో చివరివాటిలో ఒకదాన్ని 1913లో ఆవోస్తా లోయలోనే కాల్చేశారు. 1986లో ఆస్ట్రియాలో మళ్ళీ వదలడం మొదలుపెట్టాక మెల్లగా తిరిగొచ్చాయి. ఎముకల్ని పైనుంచి రాళ్ళ మీద వేసి పగలగొట్టి తింటాయి.

ఖమ్మం_నాన్న | జూన్ 20
బాబూ, మా అబ్బాయి కూడా టొరినోలోనే చదువుతున్నాడు. కొండలకి వెళ్ళానని ఫొటోలు పెడుతుంటాడు. రెండు రోజులు ఫోన్ కలవకపోతే వాళ్ళమ్మ నిద్రపోదు. అక్కడ ఏదైనా అయితే ఎవరికి చెప్పాలి? సిగ్నల్ ఉంటుందా?

లోసన్‌దారి | జూన్ 20
అంకుల్, నమస్తే. లోయల్లో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు, కాబట్టి ఫోన్ కలవకపోతే ప్రమాదం జరిగిందనుకోకండి. బయల్దేరేముందు ఏ రోజు ఏ దారిలో, రాత్రి ఏ రిఫూజియోలో ఉంటారో మీ అబ్బాయి చేత మెసేజ్ పెట్టించుకోండి, ఆ రిఫూజియో నంబర్ కూడా. వాటిని నడిపేవాళ్ళు బుకింగ్ ఉన్నవాళ్ళు రాకపోతే పట్టించుకుంటారు. అందుకే పిల్లలకీ చెప్తున్నాను, ప్లాన్ మారితే ఫోన్ చేసి క్యాన్సిల్ చేయండి. చెప్పకుండా మానేస్తే మీకోసం కొండల్లో వెతకడం మొదలవుతుంది.

అత్యవసరమైతే 112. హెలికాప్టర్‌తో రక్షించే బృందాలు ఇక్కడ చాలా సమర్థులు. ఇటాలియన్ ఆల్పైన్ క్లబ్ సభ్యత్వం తీసుకుంటే రెస్క్యూ ఇన్సూరెన్స్ కలిసి వస్తుంది, వాళ్ళ రిఫూజియోల్లో పడక తక్కువ ధరకి దొరుకుతుంది. స్టూడెంట్లు తప్పక ఆలోచించాలి.

అన్నపూర్ణ_మిలానో | జూన్ 20
శాకాహారం సంగతి ఎవరూ చెప్పలేదు. బుక్ చేసేటప్పుడే చెప్పేయండమ్మా, అక్కడికెళ్ళి అడిగితే వాళ్ళకీ ఇబ్బందే. సరుకులు మోసుకొచ్చి వండుతారు. మెద్జా పెన్సియోనె అంటే రాత్రి భోజనం, పడక, పొద్దున టిఫిన్ కలిపి. మామూలుగా ఒక పాస్తా లేదా మినెస్త్రోనె (కూరగాయల సూప్), తర్వాత మాంసం బదులు చీజ్ వేసిన పొలెంతా (మొక్కజొన్న పిండి సంకటి) పెడతారు. సూప్‌లో మాంసం రసం వాడారేమో అడగండి. మన నాలుకకి చప్పగా ఉంటుంది, చిన్న డబ్బాలో కారప్పొడి పట్టుకెళ్ళండి. దారిలోకి పులిహోర బాగుంటుంది, మొదటిరోజు మధ్యాహ్నానికి పాడవదు. కనుమ మీద తినడానికి పల్లీ చిక్కీ, ఖర్జూరం.

రెండు విషయాలు మర్చిపోవద్దు. పరుపు మీద వేసుకునే సంచిలాంటి సొంత షీటు ఉండాలి, లేకపోతే అక్కడ కొనుక్కోవాలి. చేతిలో కాస్త నగదు ఉంచుకోండి, కొండ మీద కార్డ్ మెషిన్ ఎప్పుడు పనిచేస్తుందో చెప్పలేం.

గాజువాక_కుర్రాడు | జూన్ 21
సరే అన్నా, గైడ్ లేకుండా గ్లేసియర్ వద్దని ఒప్పుకున్నాను. కానీ శిఖరం ఎక్కిన తృప్తి కనుమలో రాదు, ఆ మాట మీద ఉన్నాను. గ్లేసియర్ లేని శిఖరమే లేదా ఈ పార్కులో?

లోసన్‌దారి | జూన్ 21
ఉంది తమ్ముడూ. మంచి ప్రశ్న అడిగావు. తావూ బ్లాఁ, 3,438 మీటర్లు. నివొలె కనుమ (2,612 మీ.) దగ్గరికి చెరెజోలె రెయాలె వైపు నుంచి రోడ్డుంది. టొరినో వాళ్ళకి ఇదే దగ్గర. వేసవి ఆదివారాల్లో సెర్రూ చెరువు దాటాక సొంత కార్లని ఆపేస్తారు, షటిల్ బస్సులో గానీ నడిచిగానీ వెళ్ళాలి. పైన విశాలమైన చిత్తడి పచ్చిక, ఏరు మెలికలు తిరుగుతూ పారుతుంటుంది. అక్కణ్ణించి లెనీర్ కనుమ (3,084 మీ.) మీదుగా తావూ బ్లాఁ ఎక్కొచ్చు. పైభాగమంతా వదులు రాళ్ళు, గుర్తులు చూసుకుంటూ పోవాలి, మబ్బు కమ్మితే వెళ్ళొద్దు. ఎదురుగా గ్రాన్ పారడైజో, దూరంగా మోంబ్లాఁ. దారి బోర్డుల్లో ‘ఇ-ఇ’ (EE) అని రెండుసార్లు ఉన్నవి అనుభవం ఉన్నవాళ్ళకి, ఇది ఆ కోవలోదే. ముందు ఒక ‘ఇ’ ఉన్నవి నడిచి చూడు.

మ్యూనిక్_మాధవి | జూన్ 21
ఉరుముల సంగతి కూడా చెప్పాలి. జూలై, ఆగస్టుల్లో పొద్దున ఆకాశం నీలంగా ఉంటుంది, మధ్యాహ్నం రెండు మూడుకల్లా పిడుగులు. కనుమ మీద దాక్కునే చోటు ఉండదు, గొలుసులు ఇనుమువి. పన్నెండు లోపు అవతలికి దిగిపోయి ఉండాలి. ఉదయం పదింటికే మబ్బులు గోపురాల్లా లేస్తుంటే ఎంత దగ్గర్లో ఉన్నా తిరిగిపోండి.

జూలైలో కూడా కనుమకి తూర్పువైపు పాత మంచు మిగిలి ఉండొచ్చు. ఆ ముందురోజు రిఫూజియోకి ఫోన్ చేసి దారి ఎలా ఉందో అడగండి. అక్కడ రోజూ చూసేది వాళ్ళే.

చిన్నకొండ | జూలై 29
వెళ్ళొచ్చాం. అందరికీ చాలా థాంక్స్. మా శిఖరం ఫ్రెండ్‌కి ఈ థ్రెడ్ మొత్తం చదివించాను, ఒప్పుకున్నాడు.

సెల్లాలో సాయంత్రం ఐబెక్స్‌లు నిజంగానే వచ్చాయి. ఒక ముసలి మగది రాతి గోడ పక్కన పడుకుని నెమరేస్తోంది. పిట్టలగూడు గారు చెప్పినట్టు బైనాక్యులర్‌లో కొమ్ము పక్క గీతలు లెక్కపెట్టాం. పదకొండు వచ్చాయి. ఒక కొమ్ము కొస విరిగి, ఆ విరిగినచోట అరిగి నున్నగా మెరుస్తోంది. మేం అరగంట చూసినా అది కదల్లేదు.

కనుమకి పొద్దున ఆరింటికే బయల్దేరాం. మంచు ఒకే ఒక్క చోట మిగిలింది, అడుగుల గుర్తులు లోతుగా ఉన్నాయి, ఇబ్బంది పడలేదు. గొలుసుల దగ్గర మా ఫ్రెండ్ చేతులు వణికాయి, ఆగి ఊపిరి పీల్చుకుని వెళ్ళాడు. కనుమ మీద గాలికి నిలబడలేకపోయాం. బండరాయి చాటున కూర్చుని చిక్కీ తిన్నాం. అవతల లెవియోనా వైపు దిగుతుంటే లోయ పొడవునా మార్మోట్ల (ఉడుత జాతి బొరియ జంతువుల) ఈలలే. ఒకటి ఈల వేస్తే నాలుగైదు ఒకేసారి బొరియల్లోకి దూరేవి. ఓ రూస్ చేరేసరికి మోకాళ్ళు పట్టేశాయి. పోల్స్ లేకపోతే దిగేవాళ్ళం కాదు.

ఒక్క విషయం బాధ కలిగించింది. రిఫూజియో దగ్గర ఒక గుంపు డ్రోన్ ఎగరేశారు. పచ్చికలో మేస్తున్న షామోయిలన్నీ (ఇవీ ఒక రకం కొండమేకలే) ఒక్కసారిగా బండల పైకి పరిగెత్తాయి. పార్కులో డ్రోన్ నిషేధమని బోర్డు పక్కనే ఉంది.

పిట్టలగూడు | జూలై 29
పదకొండేళ్ళంటే మగ ఐబెక్స్‌కి పెద్ద వయసే. మంచి సాయంత్రం దొరికింది మీకు. డ్రోన్ కనపడితే రిఫూజియో వాళ్ళకి చెప్పండి, వాళ్ళు పార్కు గార్డులకి కబురు పంపుతారు. ఎగిరే డ్రోన్‌ని చూసి ఆ జంతువులు బెదిరి పరిగెత్తుతాయి. ఆ పరుగులో ఖర్చయ్యే కొవ్వు వాటికి చలికాలంలో కావాలి.

ఖమ్మం_నాన్న | జూలై 30
క్షేమంగా వచ్చారు, సంతోషం తల్లీ. మావాడికి కూడా ఈ పేజీ పంపించాను. ఆల్పైన్ క్లబ్ కార్డు తీసుకున్నాడట.

గాజువాక_కుర్రాడు | ఆగస్టు 3
నిన్న తావూ బ్లాఁ బయల్దేరి లెనీర్ కనుమ దాకా వెళ్ళాను. పైన మబ్బు పట్టింది, తిరిగొచ్చేశాను. కనుమ నుంచి రెమ్ లోయ కనపడింది. అన్నా, ఆ లోయలోంచి వల్సావరాంష్‌కి దాటే దారేదైనా ఉందా? సెప్టెంబరులో రెండు రోజులు సెలవు దొరుకుతుంది.

లోసన్‌దారి | ఆగస్టు 3
మంచి పని చేశావు తమ్ముడూ, శిఖరం ఎక్కడికీ పోదు. నువ్వడిగిన దారి ఆంత్రెలోర్ కనుమ, మూడు వేల మీటర్లు కాస్త దాటుతుంది. రెమ్ నోత్ర్ దామ్‌లో మొదలై ఓ రూస్‌లో దిగుతుంది, ఆల్తా వియా 2లో లోసన్‌కి ముందొచ్చే కనుమ ఇదే. దిగే దారికి దగ్గర్లోనే ఓర్వియెయ్ అని రాజుగారి ఇంకో వేట విడిది ఉంది. సెప్టెంబరులో పిడుగులు తగ్గుతాయి, లార్చ్‌లు రంగు మారడం మొదలవుతుంది. కానీ నెలాఖరుకి కొత్త మంచు పడొచ్చు, రిఫూజియోలు మూసేస్తారు. మొదటి రెండు వారాల్లోనే వెళ్ళు. నీతో ఎవరూ లేకపోతే చెప్పు, నేనూ వస్తాను.

చిన్నకొండ | ఆగస్టు 3
మేమూ వస్తాం. మా ఫ్రెండ్ కొత్త బూట్లు కొనేశాడు. తేదీ చెప్పండి, బుకింగ్ నేను చేస్తాను.